ఆన్‌లైన్‌లో పాత కత్తి కొంటున్నారా? నకిలీని పట్టుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

"300 ఏళ్ళ నాటి తల్వార్. సంస్థానం వారి ఇంటి సరుకు. అర్జెంటుగా డబ్బు కావాలి కాబట్టి 18 వేలకే ఇస్తున్నాం." ఇలాంటి ప్రకటన కింద నాలుగు ఫోటోలుంటాయి. నాలుగూ కత్తి పక్కకు పడుకోబెట్టి తీసినవే. పిడి పైకప్పు, కత్తి వెన్ను, పిడిలోకి ఇనుము దిగేచోటు, ఒర వెనకాల కుట్టు ఏ ఫోటోలోనూ కనిపించవు. నకిలీ తయారుచేసేవాడు ముఖానికి చేసిన మేకప్ వీపుకి చెయ్యడు. అందుకే అమ్మేవాడు చూపించని చోట్లను అడిగి చూడటం నేర్చుకోవాలి. ఎక్కువగా చేతులు మారేవి తల్వార్లు, కటారులే కాబట్టి వాటినే ముందు పెట్టుకుని చెబుతున్నాం. చివర్లో కంపెనీ నాణేల సంగతీ ఉంది.

ముందు మోసాల్లో రకాలు తెలియాలి

మొదటిది మొత్తం కొత్తదే. రాజస్థాన్‌లో పెళ్ళికొడుకు చేతికిచ్చే ఎర్ర వెల్వెట్ ఒర కత్తులు, టూరిస్టులకు అమ్మే అలంకార కత్తులు ఇందులోకే వస్తాయి. అవి అబద్ధం కాదు, పెళ్ళి సరుకు. వాటికి ఆమ్లం పూసి 'మొఘల్ కాలం' అని పేరు పెట్టినప్పుడే మోసం. రెండోది అతుకుల సరుకు: పాత కత్తికి కొత్త పిడి, లేదా పాత పిడికి లారీ కమాను పట్టీతో కొట్టిన కత్తి. మూడోది అన్నిటికంటే గడ్డు రకం. కత్తి పాతదే, పిడి పాతదే, వాటి మీద బంగారు పని, రాత మాత్రం నిరుడు చేయించినవి. ఐదు వేల మామూలు సిపాయి కత్తిని లక్షల 'నవాబు కత్తి'గా మార్చేది ఇదే. మొదటి రకాన్ని ఫోటోలోనే పట్టుకోవచ్చు. మూడోదానికి భూతద్దం కావాలి.

1. ప్రకటనను చదవడం

ప్రతి ఫోటోనూ గూగుల్ లెన్స్‌లో వేయండి. బోన్‌హామ్స్ లాంటి వేలం సంస్థల కేటలాగు ఫోటోలు ఎత్తేసి పెట్టడం మామూలే. తర్వాత అదే అమ్మకందారు పెట్టిన మిగతా సరుకు చూడండి. 'ఒకే ఒక్కటి' అన్న సింహం తల పిడి వాడి దగ్గరే మరో మూడు కత్తులకు ఉంటే, ఆ తల పోత అచ్చులోంచి వచ్చిందన్నమాట.

వంశకథను లెక్కలోకి తీసుకోకండి. జమీందారు ఇంటి కథకు కాగితం ఉంటే కాగితం ఫోటో అడగండి, లేకపోతే దానికి విలువ సున్నా. టిప్పు పేరు కనబడితే ఇంకా జాగ్రత్త. టిప్పు పడకగదిలో దొరికిందని చెప్పే కత్తి 2023 మేలో లండన్ వేలంలో కోటీ నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ స్థాయి వస్తువు మెసేజ్ బాక్సులో బేరానికి రాదు.

2. అడగాల్సిన ఫోటోలు

ఈ మాటల్లోనే అడగండి: పిడి చివరి పళ్ళెం పైనుంచి ఒకటి, పిడిలోకి కత్తి దిగేచోట రెండు వైపులా దగ్గరగా ఒక్కొక్కటి, వెన్ను పొడుగునా పైనుంచి ఒకటి, వేళ్ళు దూరే కమాను లోపలి వైపు ఒకటి, ఒర నోరు, ఒర వెనక కుట్టు. కత్తి పక్కన టేపు పెట్టి ఒకటి, వంటింటి త్రాసు మీద బరువు కనబడేలా ఇంకొకటి. వీటిలో ఒకదానిలో ఇవాళ్టి తేదీ, మీ పేరు రాసిన చీటీ ఉండాలి. ఆపైన అర నిమిషం వీడియో, ఎండలో, ఫ్లాష్ లేకుండా, కత్తిని మెల్లగా తిప్పుతూ.

నిజమైన సరుకున్నవాడు సాధారణంగా విసుక్కున్నా పంపుతాడు. "ఫోటోలో చూసిందే వస్తుంది, నమ్మితే కొనండి" అన్నవాడి దగ్గర బేరం అక్కడితో ఆపేయండి.

3. కొలతలు

పాత తల్వార్ పిడి చిన్నది. మొదటిసారి పట్టుకున్నవాళ్ళు 'మన చెయ్యి పట్టదే' అంటారు. అరచెయ్యి కూర్చునే జాగా ఎనిమిది సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చెయ్యి అడ్డుకాపుకీ (పిడి, కత్తి కలిసేచోట అడ్డంగా ఉండే కడ్డీ) పళ్ళేనికీ మధ్య బిగుసుకుని, మణికట్టుతో కత్తి కదలాలన్నది దాని పద్ధతి. అలంకార కత్తికి పది పదకొండు సెంటీమీటర్ల సుఖమైన పిడి పెడతారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలో ఓ గంట నిలబడి పిడులు మాత్రమే చూస్తే ఈ నిష్పత్తి కంటికి పట్టుబడుతుంది.

బరువు ఒర లేకుండా చాలా వాటికి 800 గ్రాముల నుంచి 1,100 గ్రాముల మధ్య. కిలోన్నర దాటితే కారణం వెతకాలి.

అన్నిటికన్నా నమ్మదగ్గది వెన్ను మందం. వెర్నియర్ కాలిపర్‌తో మూడు చోట్ల కొలవమనండి: పిడి దగ్గర, సగంలో, మొనకు నాలుగు వేళ్ళ ముందు. కొలిమిలో సాగగొట్టిన కత్తికి ఈ మూడూ వేర్వేరుగా వస్తాయి, సుమారుగా 6 లేదా 7 మిల్లీమీటర్లు, తర్వాత 4, చివర 2. రేకు కోసి చేసిన దానికి మూడు చోట్లా 3 లేదా 4 మిల్లీమీటర్లే వస్తుంది. ఆమ్లం పూసి రంగు మార్చొచ్చు గానీ, మందం తగ్గుతూ వచ్చేలా చెయ్యాలంటే కమ్మరి శ్రమ కావాలి. పెళ్ళి కత్తి ధరలో అది గిట్టదు.

4. పిడిలో ఏముంది

తల్వార్‌లో కత్తి తోక పొట్టిది. దాన్ని పిడి బోలులోకి దించి, వేడి లక్క పోసి బిగించేవారు. పళ్ళేన్ని చీల్చుకుని పైకి రాదు, మేకు ఉండదు, నట్టు అసలుండదు. అందుకే పళ్ళెం పైనుంచి ఫోటో అడగమన్నది. అక్కడ చదును చేసిన ఇనుప మొగ్గ, వెల్డింగు బొట్టు, ఆరు పలకల నట్టు కనిపిస్తే ఆ పిడిని పాత పద్ధతిలో బిగించలేదు. ప్లస్ గుర్తు స్క్రూ కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, అది 1930ల తర్వాతి సరుకు. ఒక మినహాయింపు: ఖండా, ఫిరంగీ లాంటి బుట్ట పిడి కత్తులకు కత్తి మీదకు పాకే పట్టీలు రివిట్లతో ఉంటాయి, అది వాటి పద్ధతే.

కత్తి పిడిలోకి దిగే సందులో నలుపెక్కిన ఎరుపు గోధుమ రంగు, గాజులా పెళుసు పదార్థం కనిపించాలి. అది లక్క. అల్ట్రావయొలెట్ టార్చి, నోట్లు చూసేది చాలు, చీకట్లో వేస్తే లక్క నారింజ ఛాయలో వెలుగుతుంది. ఎపాక్సీ జిగురు సాధారణంగా నీలి తెలుపు. ఎపాక్సీ కనబడగానే నకిలీ అని తీర్పు ఇచ్చేయకండి. వదులైన పాత పిడిని ఎవరో అమాయకంగా అంటించి ఉండొచ్చు. కానీ ఎందుకు ఊడింది, ఊడినది ఈ కత్తేనా అన్న ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ధర తగ్గాలి.

పిడి లోహం కూడా చెప్తుంది. పాత పిడులు ఎక్కువగా ఇనుము, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. అల్యూమినియం, తెల్ల లోహం పోతలకు అంటదు, వాటికి పక్కల వెంబడి అచ్చు అతుకు గీత ఉంటుంది. కత్తి విషయంలో మాత్రం అయస్కాంతాన్ని నమ్మొద్దు. కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ రకాలు చాలావరకు అయస్కాంతానికి అంటుతాయి.

5. తుప్పు

నకిలీగాళ్ళ కష్టమంతా ఇక్కడే ఉంటుంది. ఉప్పునీళ్ళు, బాత్రూము యాసిడ్, సర్క్యూట్ బోర్డులు తినిపించే ఫెర్రిక్ క్లోరైడ్, ఇత్తడికి అమ్మోనియా ఆవిరి, కొన్నాళ్ళు పేడలో పాతిపెట్టడం. ఇవన్నీ రంగు తెస్తాయి, ఏ చోట అరగాలో మాత్రం వాటికి తెలీదు.

పదింతల భూతద్దం పెట్టి ఒక్క గుంటను చూడండి. రెండు వందల ఏళ్ళుగా ఎవరో ఒకరు ఇటుకపొడితో తోమి, నూనె రాసి పెట్టిన కత్తిలో గుంట అంచు అరిగి గుండ్రబడి ఉంటుంది, అడుగు నల్లగా, గట్టిగా, గోటితో గీకినా రాలదు. గుంటకీ గుంటకీ మధ్య ఇనుము బూడిద రంగులో నున్నగా ఉంటుంది. ఆమ్లం తిన్న గుంట అంచు పదునుగా, లోపల నారింజ పొడి, పొడి కింద మెరిసే లోహం. పైగా చుట్టూ ఇనుమంతా ఒకేలా గరుకుబారి, ముగ్గు చల్లినట్టు మసకగా కనిపిస్తుంది. తెల్లగుడ్డకు రెండు చుక్కల నూనె వేసి తుడిస్తే నారింజ రంగు దిగుతుంది. పాత కత్తి కూడా వానాకాలం పరుపు కింద పడుంటే పైన కొత్త తుప్పు పట్టొచ్చు. అందుకే పొడి తుడిచాక కింద నలుపు ఉందా, మెరుపు ఉందా అన్నదే చూడాలి.

ఇప్పుడు అరుగుదల చోట్లు. చేతి కమాను లోపలి వైపు, పిడి నడుము, అడ్డుకాపు కింది భాగం, బట్టకు రాసుకునే పళ్ళెం అంచు బాగా అరగాలి. పళ్ళెం కింద మూల, పిడి మెడలోని సందులు అరగకూడదు, అక్కడ పాత పని మిగిలి ఉండాలి. పిడి నడుము, మూల ఒకే గరుకుతో ఉంటే దాన్ని ఏ చెయ్యీ పట్టలేదు, తొట్టిలో ముంచారు.

కత్తి వాదర దగ్గర ఇంకో గుర్తు ఉంది, చాలామంది చూడరు. చాలా తల్వార్లకు పిడి దగ్గర రెండు మూడు వేళ్ళ మేర పదును పెట్టని ముక్క ఉంటుంది. తరాలుగా సాన పట్టే కొద్దీ మిగతా వాదర అరుగుతుంది, ఆ ముక్క అరగదు. అందువల్ల ముక్క అయిపోయే చోట వేలికి తగిలే చిన్న మెట్టు ఏర్పడుతుంది. వాడిన పాత కత్తికి ఈ మెట్టు ఉంటుంది. గ్రైండరు మీద పుట్టిన కత్తికి వాదర గీత గీసినట్టు నేరుగా పోతుంది, దాని మీద వంకీలు తిరిగిన సమాంతర గీతలుంటాయి. ఆకురాయితో రాకిన గీతలు అంత క్రమంగా ఉండవు.

6. 'డమాస్కస్' అన్న మాట

ఈ మాట మీద తెలుగువాళ్ళకు కొంచెం ఎక్కువ హక్కుంది. యూరోపు వాళ్ళు 'వూట్జ్' అని రాసుకున్నది మన ఉక్కునే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దిమ్మల కోసం పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవారు. హెన్రీ వాయ్సీ ఆ కొలుముల పని చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. సుమారు ఒకటిన్నర శాతం కార్బన్ ఉండే ఆ ఉక్కును తగ్గు వేడిలో సాగగొడితే లోపలి గట్టి కణాలు వరసలు కట్టి నీటి అలల్లాంటి మెరపు వస్తుంది.

ఇవాళ 'డమాస్కస్' అని అమ్మేది వేరు. రెండు రకాల ఉక్కు పట్టీలు పేర్చి, అతికి, మడిచి కొట్టినది. ఒక పట్టీలో నికెల్ ఉంటుంది, అందుకే గీతలు వెండిలా తెల్లగా, నలుపు పక్కన కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తేడా పట్టడానికి వెన్ను చూడండి. పేర్చిన ఉక్కులో వెన్ను మీద పుస్తకం అంచులా పొరలు కనిపిస్తాయి. మూస ఉక్కులో పొరలుండవు, సన్నటి నూలుపోగుల్లాంటి అల్లిక వెన్ను మీదకూ పాకుతుంది, తెలుపు నలుపుల తేడా మెత్తగా ఉంటుంది. అతుకు ఉక్కు పాతకాలంలోనూ ఉండేది కాబట్టి పొరలు కనబడటమే నేరం కాదు. నికెల్ తెలుపు కనబడితే మాత్రం అది ఈ కాలపు పని.

మూడో రకం చవకది: మామూలు ఉక్కు మీద అచ్చు వేసి ఆమ్లంతో తినిపించిన బొమ్మ. రెండు వైపులా ఒకే బొమ్మ తిరిగొస్తుంది, వెన్ను దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఎక్కడైనా రెండు నిమిషాలు రుద్దితే చెరిగిపోయి తిరిగి రాదు. నిజమైన ఉక్కు మెరపు చెరిగినా, మళ్ళీ ఆమ్లం తినిపిస్తే పైకి తేలుతుంది.

7. బంగారు పని, రాతలు

కొఫ్త్‌గరీలో ముందు ఇనుము మీద సన్నటి అడ్డగీతలు గీసి, ఆ గరుకు మీద బంగారు తీగ పెట్టి సుత్తితో అదుముతారు. కాబట్టి బంగారం పోయిన చోట ఆ జాలీ గీతలు మిగలాలి. భూతద్దంలో గీతలు లేకుండా బంగారం మాత్రమే పలచబడితే అది పూత. ఇది తెలిసిన నకిలీగాడు అసలైన కొఫ్త్‌గరీయే చేయిస్తాడు, ఉదయపూర్‌లో ఆ పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు తుప్పు గుంటల దగ్గర చూడాలి. గుంట బంగారాన్ని తినేసి ఉంటే పని పాతది. బంగారం గుంటలోకి దిగి, దాని అడుగున కూడా మెరుస్తుంటే గుంట ముందు వచ్చింది, బంగారం తర్వాత వచ్చింది. అక్షరాలకూ ఇదే లెక్క: గుంటలు అక్షరాన్ని కొరికి ఉండాలి, అక్షరం గుంటను కోయకూడదు. చిన్న మోటారుతో చెక్కిన గాడి లోతు మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉంటుంది, లేజరు గీత చుట్టూ గోధుమరంగు మసి కనిపిస్తుంది.

సంతకాన్ని చూసి మురిసిపోకండి. ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లా పేరు ఒక మనిషి ఆయుష్షులో చెయ్యలేనన్ని కత్తుల మీద ఉంది. ఆ పేరును పాత రోజుల్లోనే బ్రాండులా కొట్టేసేవారు. ఫిరంగీ కత్తుల మీది జర్మన్ తోడేలు ముద్ర, 'ఆండ్రియా ఫెరారా' పేరు కూడా అంతే. అంటే ముద్ర నకిలీ అయినా కత్తి 200 ఏళ్ళది కావచ్చు. కత్తికి డబ్బివ్వండి, పేరుకివ్వకండి.

ఈమధ్య కర్నూలు జిల్లా ఆదోని పేరు కూడా ప్రకటనల్లో తరచూ వస్తోంది. 17వ శతాబ్దం చివర్లో మొఘలులు ఆదోని కోట పట్టుకున్నప్పుడు వారి వైపు పోరాడిన బికనేరు రాజు అనూప్‌సింగ్ అక్కడి ఆయుధాలు తన ఆయుధాగారానికి తీసుకెళ్ళాడు. వాటి మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన దేవనాగరి లెక్కల గుర్తులుంటాయి. చుక్కలు కొట్టడం తేలిక కాబట్టి ఏ కటారు మీదైనా కొట్టేస్తున్నారు. చుక్క లోపల చూడండి: అడుగు చుట్టుపక్కల ఇనుమంత నల్లగా ఉండాలి. సూదిమొనంత మెరుపు కనబడినా వదిలేయండి.

కత్తెరలా విచ్చుకునే కటారును 'గూఢచారి ఆయుధం' అని రెట్టింపు ధరకు అమ్ముతారు. అవి ఎక్కువగా 19వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా వింత వస్తువులుగా చేసినవి.

8. ఒర

పాత ఒర రెండు చెక్క బద్దలు, పైన తోలు లేదా గుడ్డ, వెనక చేతికుట్టు. నోటిలోంచి టార్చి వేస్తే కత్తి రాసుకున్న చారలు కనబడాలి. ప్లైవుడ్డు పొరలు, గ్లూ గన్ తీగలు కనబడితే సరే సరి. వెల్వెట్ నుంచి ఊడిన ఒక పోగు వెలిగించండి: నూలు, పట్టు బూడిదవుతాయి, పాలిస్టరు కరిగి గట్టి నల్లపూసవుతుంది. ఒర మార్చడం పాతకాలంలోనూ మామూలే, కాబట్టి ఒర ఒక్కదానితో కత్తిని తేల్చొద్దు.

9. అదే అమ్మకందారు దగ్గర నాణేలుంటే

రామదర్బారు, హనుమంతుడు ఉన్న '1818 ఈస్టిండియా కంపెనీ' అణాలు లక్షలు పలుకుతాయని చెబుతారు. కంపెనీ అలాంటి అణా ఎన్నడూ ముద్రించలేదు. కంపెనీ అసలు దేవుళ్ళను వేయలేదనడం మాత్రం తప్పు. మద్రాసు టంకశాల వరహాల మీద వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉంటాడు, కానీ అవి చిన్న బంగారు నాణేలు.

1835, 1840 కంపెనీ వెండి రూపాయికి ఇంటి పరీక్ష ఉంది. బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నదారంతో కట్టి, అడుక్కి గానీ గోడకి గానీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. 1.13 దగ్గర చూపాలి. రాగి నికెల్ నాణెం అదే బరువుకు 1.3 చూపుతుంది, ఇత్తడిది ఇంకా ఎక్కువ. దారానికి గాలిబుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలితో తట్టి వదిలించండి.

10. చట్టం, డబ్బు, పార్సిలు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సుండాలి. అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న మనవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇండియా నుంచి '250 ఏళ్ళ కత్తి' పంపిస్తానన్నవాడు చట్టమైనా మీరుతున్నాడు, మీకు అబద్ధమైనా చెబుతున్నాడు. కొందరు 'ఏఎస్ఐ (భారత పురావస్తు శాఖ) సర్టిఫికెట్ ఉంది' అని గొప్పగా చూపుతారు. చదవండి. ఎగుమతి కోసం తీసుకునే ఆ కాగితం ఇది పురావస్తువు కాదు అని ధ్రువీకరించేది.

ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు ఒక వర్గంగా ఉన్నాయి. వాటికి లైసెన్సు అవసరమా అన్నది ప్రాంతానికి ఉన్న నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందే పోలీసు స్టేషన్లో అడగండి. ఏనుగు దంతం పిడి అంటే ఆలోచించక్కర్లేదు: నిజమైతే వన్యప్రాణి చట్టం కింద కేసు, అబద్ధమైతే రెజిన్.

యూపీఐలో పూర్తి డబ్బు ముందే పంపకండి. 'ఫలానా శతాబ్దపు అసలు వస్తువు, కాకపోతే 7 రోజుల్లో వాపసు' అని చాట్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. పార్సిలు సీలు కనబడేలా మొదలుపెట్టి, ఆపకుండా విప్పుతూ వీడియో తీయండి. మోసపోయామని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అప్పుడే ఉంటుంది. వస్తువు నాణ్యత గొడవలకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పరీక్షలన్నీ అయ్యేదాకా కత్తిని తోమకండి, చింతపండు అసలే వద్దు. మెరిసేలా తోమిన కత్తిని వాడు వాపసు తీసుకోడు. ఒకవేళ అది నిజంగా పాతదైతే, మీరు గీకి పారేసిన నల్లటి పొరతోపాటు సగం ధర కూడా పోయినట్టే. పలచగా మెషీన్ నూనె రాసి, ఒరలో పెట్టకుండా, పొడి నూలుగుడ్డలో చుట్టి ఉంచండి.